ముసలి పిల్లికి కొత్త ఇల్లు

ఇంట్లో పిల్లిని పెంచుకోవచ్చా అన్న ప్రశ్న మన పాఠకులకు కొత్త కాదు. పెంచుకోవచ్చు అన్న సమాధానమూ అందరికీ తెలిసిందే. అయితే పది, పన్నెండేళ్లు మన గుమ్మంలో పెరిగి, మన ఒడిలో పడుకుని, ఫజ్ర్ వేళకు మన కాళ్లకు రాసుకుంటూ తిరిగిన పిల్లిని ఇక ఉంచుకోలేని పరిస్థితి ఏర్పడితే ఏం చేయాలి? దీన్ని ధర్మానికి సంబంధించిన ప్రశ్నగా మనలో చాలామంది భావించరు. అందుకే ఎవరినీ అడగరు. తోచింది చేసేస్తారు.

ఇలాంటి పరిస్థితి అరుదేమీ కాదు. ఇంటి పెద్దావిడ మరణిస్తుంది. ఆమె మంచం దగ్గరే పడుకునే పిల్లి మిగిలిపోతుంది. కొడుక్కి జిద్దాలోనో, దుబాయిలోనో ఉద్యోగం వస్తుంది, కుటుంబమంతా బయలుదేరాలి. అద్దె ఇంటి యజమాని ఒప్పుకోడు. ఇంట్లో ఒకరికి ఉబ్బసం ముదురుతుంది. అప్పుడు ఏం జరుగుతుందో కూడా మనకు తెలుసు. ఒక రాత్రి పిల్లిని గోనె సంచిలో వేసి, మాంసం కొట్టు దగ్గరో, చేపల మార్కెట్టులోనో, దర్గా ఆవరణలోనో వదిలి వస్తారు. “ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్, ఎక్కడో ఒకచోట తింటుందిలే” అని మనసుకు సర్దిచెప్పుకుంటారు.

ఉపాధి ప్రదాత అల్లాహ్‌యే, ఇందులో ఏ విశ్వాసికీ సందేహం లేదు. కాని ఆ పిల్లి ఉపాధిని అల్లాహ్ ఇన్నేళ్లూ ఎవరి చేతుల మీదుగా పంపాడు? ఆ చేతులు దులిపేసుకోవడానికి ఆయన పేరునే సాకుగా వాడుకోవచ్చా? ఈ వ్యాసంలో మనం పరిశీలించదలచింది ఇదే.

ఇంట్లో తిరుగాడే ప్రాణి

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకోవడానికి ఆయన కోడలు కబ్షా నీళ్లు పెట్టారు. అంతలో ఒక పిల్లి వచ్చింది. ఆయన గిన్నెను దాని వైపు వంచి, అది తృప్తిగా తాగేదాకా పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూడడం గమనించి, దైవప్రవక్త (స) చెప్పిన మాటను ఆమెకు వినిపించారు. పిల్లి అశుద్ధ ప్రాణి కాదని, అది మీ మధ్య తిరుగాడే వాటిలో ఒకటని ఆ హదీసు భావం. అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ, ఇబ్నె మాజా నలుగురూ దీన్ని తమ గ్రంథాల్లో నమోదు చేశారు. ఇతర నీళ్లు ఉండగా పిల్లి తాగగా మిగిలిన నీటిని వాడకపోవడమే మేలని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. కాని దాన్ని అశుద్ధమని మాత్రం వారూ అనలేదు.

మనం సాధారణంగా ఈ హదీసును నీటి శుద్ధి అధ్యాయంలో చదివి ముందుకు సాగిపోతాం. కాని ‘తిరుగాడే వారు’ అన్న ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. అరబీలో అది ‘తవ్వాఫీన్’. దివ్య ఖుర్ఆన్‌లో నూర్ సూరా 58వ ఆయతులో ఇదే ధాతువు నుంచి వచ్చిన మాట కనిపిస్తుంది. ఇంట్లోకి వచ్చే ముందు అనుమతి కోరే నియమాలు చెప్పే సందర్భం అది. మూడు వేళల్లో తప్ప మిగతా సమయాల్లో అనుమతి అడగనవసరం లేని సేవకులు, చిన్నపిల్లల గురించి ఆ మాట వచ్చింది. పిల్లిని వారితో పోల్చడాన్ని హదీసు వ్యాఖ్యాతలు ప్రత్యేకంగా ప్రస్తావించారు. అంటే పిల్లి మన ఇంటికి వచ్చిపోయే అతిథి కాదు, పెరట్లో తిరిగే పిట్ట కాదు. తలుపు తట్టకుండా లోపలికి వచ్చే ఇంటివాళ్ల వరుసలో ఉంది.

ఇక్కడ ఒక మాట. మహాప్రవక్త (స) వద్ద ‘ముయిజ్జా’ అనే పిల్లి ఉండేదని, అది నిద్రపోతుంటే లేపలేక తన చొక్కా చేయిని కత్తిరించుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. ప్రామాణిక హదీసు గ్రంథాల్లో దానికి ఆధారం లేదు. ఇలాంటి కథనే షేఖ్ అహ్మద్ రిఫాయీ (రహ్మ) గురించి కూడా చెబుతారు. ప్రాణుల పట్ల కారుణ్యం నేర్పడానికి మనకు నిజమైన హదీసులే కావలసినన్ని ఉన్నాయి. ఆధారం లేనిదాన్ని దైవప్రవక్త (స)కు అంటగట్టవలసిన అవసరం లేదు.

వదిలేయడం, విడిచిపెట్టడం ఒకటి కావు

ఒక స్త్రీ పిల్లిని కట్టివేసి, అది చనిపోయేదాకా ఉంచి, ఆ కారణంగా నరకానికి పోయిందన్న హదీసును బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ చూస్తాం. ఆమె నేరాన్ని దైవప్రవక్త (స) వివరించిన తీరును గమనించండి. ఆమె దానికి తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా పట్టుకు తినేలా విడిచిపెట్టనూ లేదు. అంటే పిల్లి పట్ల మనిషి ముందు రెండు దారులున్నాయి. పోషించడం, లేదా తనంతట తాను బతికేలా స్వేచ్ఛనివ్వడం.

గోనె సంచి పట్టుకున్నవాళ్లు తమది రెండో దారి అనుకుంటారు. కాని ఆ దారి ఏ పిల్లికి? ఎలుకను పట్టగల పిల్లికి. పంటి పట్టు, పరుగు, గోడ దూకే సత్తువ ఉన్న పిల్లికి. పన్నెండేళ్లు గిన్నెలో పెట్టింది తిన్న పిల్లి వేట ఎప్పుడు నేర్చుకుంది? పదేళ్లు దాటిన పిల్లిని పశువైద్యులు వృద్ధాప్యంలోకి వచ్చినట్టే లెక్కిస్తారు. మనిషి వయసుతో పోలిస్తే అది సుమారు 56 ఏళ్లు. ఆ వయసు పిల్లుల్లో పళ్లు ఊడిపోవడం, కీళ్ల నొప్పులు, మూత్రపిండాల జబ్బు సర్వసాధారణం. పైగా మార్కెట్టులో అప్పటికే ఉన్న పిల్లులు కొత్తదాన్ని తమ హద్దుల్లోకి రానివ్వవు. కుక్కలున్నాయి, బండ్లున్నాయి. మనిషిని చూస్తే పారిపోవాలని దానికి తెలియదు. ఎందుకంటే మనుషులంటే ఒడి, చేయి అని మనమే దానికి అలవాటు చేశాం. ఎవరి కాళ్లకు రాసుకోబోయి ఎవరి కాలి తన్ను తింటుందో!

కనుక అలాంటి పిల్లిని బజారులో వదలడం హదీసు చెప్పిన స్వేచ్ఛ కాదని మా అభిప్రాయం. తాడు లేదన్న మాటే గాని అది కూడా కట్టివేయడమే.

మన పూర్వ ధర్మవేత్తలు ఈ తేడాను ఎంత సూక్ష్మంగా గ్రహించారో చూడండి. మాలికీ ఫిఖ్‌హ్ గ్రంథాల్లో జంతు పోషణ అధ్యాయంలో ఒక గుడ్డి పిల్లి ప్రస్తావన వస్తుంది. కళ్లు లేని పిల్లి ఒకరి ఇంట్లో చేరి, అక్కడి నుంచి వెళ్లలేని స్థితిలో ఉంటే దాని పోషణ ఆ ఇంటివారిపై వాజిబ్ అవుతుంది. వెళ్లగలిగితే కాదు. అది వారు కొనుక్కున్న పిల్లి కాదు, తెచ్చి పెంచుకున్నదీ కాదు. అయినా దాని నిస్సహాయతే బాధ్యతను నిర్ణయించింది. తానే వచ్చి చేరిన పిల్లి విషయమే ఇలా ఉంటే, మనం తెచ్చి, పెంచి, మన మీద ఆధారపడేలా చేసిన పిల్లి సంగతి ఏమిటి?

డమాస్కస్‌లో పుట్టి, 1262లో కైరోలో మరణించిన మహా పండితుడు ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) జంతువులకు మనిషిపై ఉన్న హక్కులను వివరిస్తూ, అవి ముసలివైనా, జబ్బుపడినా, ఇక ఏ ప్రయోజనమూ లేకపోయినా వాటి పోషణ యజమాని బాధ్యతేనని రాశారు. దీనికి మూలం దైవప్రవక్త (స) జీవితంలోనే ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సుననె దారిమీలో ఉంది. ఒక ఒంటె పారిపోయి దైవప్రవక్త (స) వద్దకు వచ్చింది. యజమానులైన అన్సారీ యువకులను విచారిస్తే, ఇరవై ఏళ్లు దానిచేత నీళ్లు తోడించామని, ఇప్పుడు కోసి పంచుకోదలిచామని చెప్పారు. ఆయన దాన్ని తనకు అమ్మమన్నారు. వారు ఉచితంగానే ఇస్తామన్నారు. అయితే దాని ఆయువు తీరేదాకా దాన్ని బాగా చూసుకోండని ఆయన ఆదేశించారు. ఒంటె మాంసం ధర్మసమ్మతం, కోయడం వారి హక్కు. అయినా ఇరవై ఏళ్ల సేవ లెక్కలోకి వచ్చింది.

ఇదే కైరో నగరంలో, ఇజ్జుద్దీన్ (రహ్మ) చివరి రోజుల్లో సుల్తానైన బైబర్స్ (మరణం 1277) పిల్లుల కోసం ఒక తోటను వక్ఫ్ చేశాడు. ఆరు వందల ఏళ్లు గడిచేసరికి ఆ తోట చేతులు మారి, నామమాత్రపు కౌలు తప్ప మిగల్లేదు. 1836లో అచ్చయిన తన పుస్తకంలో ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు తాను చూసింది రాశాడు. ప్రతి సాయంత్రం కైరో ఖాజీ ఇంటి ఆవరణలో పిల్లులు గుమిగూడేవి, వాటికి ఆహారం పెట్టే బాధ్యత ఖాజీ మీదే ఉండేది. అక్కరలేని పిల్లులను నగరవాసులు అక్కడికే తెచ్చి వదిలేవారు. వక్ఫ్ చేసినవాడి పుణ్యం వాడిది. కాని ఆ తరవాత ఆరు శతాబ్దాలూ ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని రావలసే వచ్చింది కదా! మన మాంసం కొట్లకు, దర్గాలకు అలాంటి వక్ఫ్ కూడా లేదు.

దేశ చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో, తగిన కారణం లేకుండా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

నిజంగా పంపాల్సిందేనా?

పంపే ముందు కారణాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. కోడలు గర్భవతి అయిందని పిల్లిని పంపేసే ఇళ్లు ఎన్నో. భయం పూర్తిగా నిరాధారం కాదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలం ద్వారా సోకి, గర్భంలోని శిశువుకు హాని చేయగలదు. కాని ఆ మలం బయటపడిన వెంటనే ప్రమాదకరం కాదు, కనీసం ఒక రోజు పడుతుంది. కనుక రోజూ ఇసుక తొట్టెను ఇంట్లో మరొకరు శుభ్రం చేస్తే సరిపోతుంది. సరిగా ఉడకని మాంసం వల్ల కూడా ఈ జబ్బు వస్తుంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. వైద్యురాలిని అడిగి నిర్ణయించుకోండి, పక్కింటివారిని అడిగి కాదు. పిల్లి వెంట్రుకలు బట్టలకు అంటితే నమాజు చెల్లదేమోనన్న అనుమానంతో పంపేసేవారూ ఉన్నారు. వెంట్రుకల వల్ల నమాజుకు భంగం లేదు. మలమూత్రాలు మాత్రం అశుద్ధమే, అవి అంటితే కడుక్కోవాలి.

ముసలి పిల్లి ఉన్నట్టుండి ఇల్లంతా మూత్రం పోస్తోందంటే అది మొండితనం కాదు. ఎక్కువగా నీళ్లు తాగుతూ, చిక్కిపోతూ ఉంటే మూత్రపిండాలను పరీక్ష చేయించాలి. వైద్యంతో సర్దుకునే ఇబ్బందికి ఇల్లు మార్చడం మందు కాదు.

ఉబ్బసం, వలస, మరణం లాంటివి వేరు. అవి నిజమైన కారణాలు. అలాంటప్పుడు మంచి చేతుల్లో పెట్టడం బాధ్యతను వదిలించుకోవడం కాదు, నెరవేర్చడమే.

ఇంటి పెద్దలు మరణించిన సందర్భంలో వారసులకు ఒక మాట. నానీ గాజులు, చీరలు, పాన్‌దాన్ ఎవరికి దక్కాలో కూర్చుని మాట్లాడుకుంటాం. ఆమె పిల్లి గురించి కూడా అదే బైఠక్‌లో మాట్లాడుకోవాలి. ఎవరో ఒకరు ఉంచుకోవాలి, లేదా ఇల్లు దొరికేదాకా ఖర్చు అందరూ పంచుకోవాలి. పెద్దలు బతికుండగానే ఈ విషయం తేల్చుకుంటే మరీ మంచిది. జంతువు ఆస్తికి యజమాని కాలేదు. కాని దాన్ని చూసుకోవడానికి ఒప్పుకున్న, వారసుడు కాని మనిషికి మూడో వంతు మించకుండా వసీయత్ చేయవచ్చు.

ఎవరికి ఇవ్వాలి?

అందరూ కూన కావాలంటారు. పన్నెండేళ్ల పిల్లిని అడిగేవారు తక్కువ. కనుక కనీసం రెండు మూడు నెలల ముందే వెతకడం మొదలుపెట్టాలి. విమానం టికెట్టు చేతికి వచ్చాక వెతికితే చివరికి గోనె సంచే గతి.

ముందు బంధువుల్లో, ఇంటికి వచ్చిపోయేవారిలో అడగండి. పిల్లికి ఇప్పటికే పరిచయమున్న మనిషి అందరికన్నా మేలు. మనుషుల్ని అంటిపెట్టుకుని ఉండే ముసలి పిల్లికి విశాలమైన ఇల్లు అక్కర్లేదు, పగటిపూట ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు, పిల్లలు దూరదేశాల్లో ఉండి ఒంటరిగా మిగిలిన తల్లి, ఇంట్లోనే కుట్టుపని చేసుకునే సోదరి, ఇలాంటివారి ఇల్లు దానికి సరిపోతుంది. పరుగులు పెట్టే పసిపిల్లలు ఎక్కువగా ఉన్న ఇల్లు, కుక్క ఉన్న ఇల్లు వద్దు. రెండు పిల్లులు కలిసి పెరిగి ఉంటే వాటిని విడదీయకుండా ఒకే ఇంటికి ఇవ్వడానికి ప్రయత్నించండి. పశువుల ఆసుపత్రిలో కూడా చెప్పి ఉంచండి, పిల్లులను ప్రేమించేవారు వచ్చేది అక్కడికే. హైదరాబాదులో 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ లాంటి సంస్థలను సలహా అడగవచ్చు. కాని పదుల సంఖ్యలో జంతువులుండే ఆశ్రయంలో ముసలి పిల్లి బెంగపెట్టుకుంటుంది. అది చివరి మార్గంగానే ఉండాలి.

ఇవ్వబోయే ఇంటిని వెళ్లి చూడండి. పై అంతస్తయితే బాల్కనీకి జాలీ ఉందో లేదో గమనించండి. ఏమీ అడగకుండా వెంటనే తీసుకుపోతామని తొందరపెట్టేవారికి ఇవ్వకండి. అమానతును యోగ్యులకే అప్పగించాలన్న ఆదేశం (నిసా సూరా, 58) పదవులకూ, డబ్బుకూ మాత్రమే పరిమితం కాదు.

దాని గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ధాన్యం కుప్పలో దైవప్రవక్త (స) చేయి పెట్టి, అడుగున తడి చూసి, ఆ వర్తకుణ్ణి హెచ్చరించిన హదీసు (ముస్లిం) మనకు తెలుసు. పిల్లికి మూత్రపిండాల జబ్బు ఉందని దాచి, ‘చాలా ఆరోగ్యంగా ఉంది’ అని అంటగట్టడం కూడా ఆ తడి ధాన్యం లాంటిదే. అసలు వయసు, వేసిన టీకాలు, శస్త్రచికిత్సలు, ఏం తింటుంది, ఏది చూస్తే భయపడుతుంది, ఎక్కడ నిమిరితే ఇష్టం, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితంలో ఇవి కూడా చేర్చండి: పారాసెటమాల్ మాత్ర పిల్లికి విషం, ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర పెట్టకూడదు, ఆవుపాలు, గేదెపాలు చాలా పెద్ద పిల్లులకు అరగవు.

ఇక డబ్బు. పిల్లి వెలను దైవప్రవక్త (స) నిషేధించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ముస్లింలో ఉంది. నాలుగు మజ్‌హబుల్లోనూ అధికశాతం ధర్మవేత్తలు దాన్ని హెచ్చరికగా భావించి, అమ్మకం చెల్లుతుందన్నారు. ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) వంటివారు నిషేధాన్ని నిషేధంగానే తీసుకున్నారు. ఇంట్లో పెరిగిన ముసలి పిల్లి విషయంలో ఈ చర్చ అవసరమే లేదు, ఉచితంగా ఇచ్చేయండి. వీలైతే రెండు మూడు నెలల తిండి, మందుల ఖర్చు కూడా వెంట ఇవ్వండి. ప్రాణమున్న ప్రతి జీవి పట్ల చేసే మేలుకు ప్రతిఫలం ఉందని దాహంతో ఉన్న కుక్క హదీసు (బుఖారీ, ముస్లిం) చెబుతోంది.

ఇల్లు మారే రోజులు

పిల్లి మనిషితో పాటు చోటును కూడా ప్రేమిస్తుంది. కనుక దాన్ని ఒక్కసారిగా కొత్త ఇల్లంతా తిరగనివ్వకూడదు. మొదట ఒకే గదిలో ఉంచాలి. దాని పాత గిన్నె, ఇసుక తొట్టె, అది పడుకునే పాత దుప్పటి ఉతక్కుండా అలాగే పంపాలి. ఆ వాసనే దానికి ధైర్యం. తిండి కూడా పాతదే కొనసాగాలి. మొదటి రోజుల్లో మంచం కింద దూరి బయటికి రాకపోవచ్చు, లాగకూడదు. అదే గదిలో కూర్చుని తస్బీహ్ చేసుకుంటూనో, ఏదైనా చదువుకుంటూనో ఉంటే చాలు, అదే వస్తుంది. అయితే ఒక రోజు దాటినా ఏమీ ముట్టకపోతే పశువైద్యుడికి చూపించాలి. తిండి మానేసిన పిల్లికి కొద్ది రోజుల్లోనే కాలేయం దెబ్బతింటుంది. మూడు, నాలుగు వారాలదాకా బయటికి వదలకూడదు. వదిలితే పాత ఇల్లు వెతుక్కుంటూ రోడ్డున పడుతుంది.

మన ఇంటి పిల్లలకు ఏం చెప్పాలి? చాలామంది ‘పారిపోయింది’ అని చెప్పేస్తారు. పిల్లాణ్ణి ఏదో ఇస్తానని పిలిచిన తల్లిని ఏమివ్వదలిచావని దైవప్రవక్త (స) అడిగి, ఇవ్వకపోతే అది అబద్ధంగా రాయబడేదని చెప్పిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. కనుక నిజమే చెప్పండి, కొత్త ఇంటికి పిల్లలను కూడా తీసుకువెళ్లండి. వాళ్లు ఏడిస్తే, పిల్లి కోసం ఏడుపేమిటని కసరకండి. చిన్నారి అబూ ఉమైర్ ఆడుకునే పిట్ట చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి పలకరించి, పిట్ట సంగతి అడిగారు (బుఖారీ, ముస్లిం). ఒక పిల్లవాడి పిట్ట ఆయనకు చిన్న విషయం అనిపించలేదు.

చివరగా కొత్త ఇంటివారితో ఒక మాట ముందే అనుకోండి. ఏ కారణం వల్లనైనా వారికి సాధ్యం కాకపోతే పిల్లిని ఎవరికీ ఇవ్వకుండా, ఎక్కడా వదలకుండా ముందు మనకే కబురు చేయాలి. ఇచ్చిన కానుకను వెనక్కి తీసుకోవడాన్ని హదీసు తీవ్రంగా ఖండించింది కదా అని కొందరు సందేహించవచ్చు. ఆ ఖండన ఇచ్చినదానిపై ఆశపడి లాక్కునేవారికి. పుచ్చుకున్నవారు తమంతట తామే తిరిగి ఇస్తానన్నప్పుడు ఆ సందేహానికి తావు లేదు. మీరు దేశంలో ఉండకపోతే మీ తరఫున కబురు అందుకునే ఒక తమ్ముడి పేరో, చెల్లెలి పేరో, ఫోన్ నంబరుతో సహా ఆ కాగితం మీదే రాసి ఇవ్వండి. నెల తిరిగాక ఒకసారి వెళ్లి చూసి రండి. అది మిమ్మల్ని గుర్తుపట్టి వచ్చి ఒళ్లో కూర్చోవచ్చు, కొత్త వారి పక్కన పడుకుని తల ఎత్తి చూసి మళ్లీ కళ్లు మూసుకోవచ్చు. రెండోదే జరిగితే బాధపడకండి, వెళ్లిన పని అయినట్టే.